తోర్స్‌హావ్న్‌కు త్రోవ

స్కాట్లండునకును ఐస్‌లండునకును నడుమ, అట్లాంటిక్ సముద్రమున చిందిన ఆవగింజలవలె పదునెనిమిది దీవులు కలవు. ఇవియే ఫారో దీవులు. డెన్మార్కు రాజ్యములోనివే యైనను 1948 నుండి స్వపరిపాలన కలవి. వీని రాజధాని తోర్స్‌హావ్న్. అనగా, మన యింద్రునివలె పిడుగు చేతబూనిన థోర్ దేవుని రేవు.

ఆ రేవుపట్టణమునకు విమానమున పోదమన్నచో, అది పట్టణమున దిగదు. పడమటనున్న వాగర్ అను వేరొక దీవిలో దిగును. ఇందులకు కారణము యుద్ధము. 1940 ఏప్రిలులో జర్మనులు డెన్మార్కును ఆక్రమింపగా, కొలది దినములలోనే బ్రిటిషు సేనలు ఫారో దీవులకు వచ్చినవి. సముద్రముమీది శత్రునౌకలకు కానరాని తావును వెదకి, సైనిక ఇంజనీర్లు 1942–43లో కొండల నడుమ రన్‌వే వేసిరి. శత్రువు కంటబడకుండుటకు ఎన్నిన ఆ చోటు పైలట్లకును సులభముగా చిక్కదు! పొగమంచు దిగును, కొండలమీదుగా గాలి సుడులు తిరుగును. యుద్ధానంతరము పాడుపడిన ఆ మైదానమున 1963లో పౌరవిమానముల రాకపోకలు మొదలైనవి. 1970 సెప్టెంబరులో, అచట దిగవలసిన విమానమొకటి ప్రక్కనున్న మికినెస్ దీవి కొండకు తాకి ఎనమండుగురు మరణించిరి. 1250 మీటర్ల రన్‌వేను 2011లో 1799 మీటర్లకు పొడిగించిరి. ఉపగ్రహముల సాయమున త్రోవ గుర్తించు పద్ధతియు వచ్చినది. ఐనను, కోపెన్‌హేగెన్ నుండి రెండు గంటల ప్రయాణమే గదా యని బయలుదేరినవారు మంచు విడువక వెనుకకు మరలుట నేటికిని కలదు.

దిగినవారు రాజధాని గల స్ట్రేమోయ్ దీవి చేరుటకు 2002 వరకు పడవనెక్కి జలసంధి దాటవలసియుండెడిది. ఆ సంవత్సరము సముద్రపు అడుగున సుమారు 5 కిలోమీటర్ల సొరంగమును తెరచిరి. మా దృష్టిలో రన్‌వే పొడుగుకంటె ఇదియే పెద్ద మేలు. పెద్ద చికిత్సకై డెన్మార్కు పోవలసిన రోగికి, గాలితోపాటు అలలనుగూడ బ్రతిమాలుకొను బాధ తప్పినది.

ఓడ సంగతి వేరు. డెన్మార్కు ఉత్తరాగ్రముననున్న హిర్ట్‌షాల్స్ రేవునుండి నొర్రోనా యను ఓడ, కార్లనుగూడ మోసికొని, సుమారు ఒకటిన్నర దినములో తోర్స్‌హావ్న్ చేరి, అటుపై ఐస్‌లండునకు పోవును. తుపానున్నచో ఆలస్యము తప్పదు. కడుపులో త్రిప్పుటయు తప్పదు. కాని అది ఊరి నడిబొడ్డుననే దింపును. గడ్డి కప్పులతో, ఎఱ్ఱరంగు కొయ్యగోడలతోనున్న ప్రభుత్వ కార్యాలయములు ఆ రేవు ఒడ్డుననే కలవు.

మనదేశమునుండి పోవువారికి డెన్మార్కు వీసా మాత్రము చాలదు. అది ఫారో దీవులకును చెల్లునని దానిపై వ్రాసియుండవలెను. విమానమున మరలివచ్చువారు, కోపెన్‌హేగెన్‌లో మరియొక విమానము అందుకొనవలసియున్నచో, నడుమ ఒక దినమైనను వదలి టిక్కెట్టు కొనుట మంచిది.