తవుడులోని బలం

తవుడంటే మనకు గేదెల కుడితే గుర్తొస్తుంది. కానీ బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టే కొద్దీ గింజ పైపొరలోని బి విటమిన్లు, పీచు, ఇనుము చాలావరకు ఆ తవుడులోకే పోతాయి. 1890లలో జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్, పాలిష్ బియ్యం మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించాడు. పైపొర తీయని బియ్యం పెడితే అవి కోలుకున్నాయి. ఆ కృషికే 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇంత బలమున్నదాన్ని మనమెందుకు తినం? మర ఆడగానే తవుడులోని లైపేజ్ అనే ఎంజైమ్ అందులోని నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే రుచి చెడి, కనరు వాసన వస్తుంది. వెంటనే ఆవిరి పట్టి ఆరబెడితే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది, తవుడు నెలల తరబడి నిలుస్తుంది. దాన్ని జల్లించి చపాతీ పిండిలో, బిస్కెట్లలో కొద్దిగా కలపవచ్చు. ఊరూరా మిల్లులున్న గోదావరి జిల్లాల్లో ఈ ఆవిరి పట్టే ఏర్పాటు మిల్లు పక్కనే ఉండాలని నా గట్టి కోరిక. ఒక్క జాగ్రత్త: పశువుల కోసం అమ్మే తవుడులో ఊక, ఇసుక ఉండవచ్చు. దాన్ని వంటకు వాడకండి.