పరదేశములందు మన పల్లె బొమ్మలు



నేడు మీతో ముచ్చటింపదలచినది చలనచిత్రములను గూర్చి. సినిమా యనగానే పెద్దవారిలో పలువురు పెదవి విరతురు. ఆ విరుపు అకారణము కాదని నేనును ఒప్పుకొందును. అయినను మన వెట్టిని, మన గడీలను, మన బీదల బ్రదుకును జూపిన కొన్ని బొమ్మలు సముద్రములు దాటిపోయి మన్నన పొందినవి. పరదేశీయులు వానియందేమి చూచి మెచ్చిరో యించుక విచారింతము.

ముందుగా ఒక చిన్న దేశపు సంగతి. ఐరోపా నడుమ చెకోస్లొవేకియా యను రాజ్యముండెడిది. 1993లో అది చెక్, స్లొవాక్ రాజ్యములుగా విడిపోయినది. అచ్చటి కార్లొవీ వారీ పట్టణమున చిత్రోత్సవములు 1946లోనే మొదలైనవి. ఆ దేశపు దర్శకుడు యిరీ మెన్‌జెల్ 1966లో తీసిన చిత్రమొకటి 1968లో అమెరికావారి ఆస్కారు బహుమతిని గెలుచుకొనెను. అందు రాజులు లేరు, సేనలు తలపడు యుద్ధరంగము లేదు. జర్మనుల యేలుబడిలో నున్న యొక పల్లె రైలుస్టేషను. పావురములను పెంచుకొను స్టేషనుమాస్టరు. క్రొత్తగా కొలువున చేరిన యొక పిరికి కుర్రవాడు. తుదకా కుర్రవాడే శత్రువుల మందుగుండు బండిని పేల్చివేసి ప్రాణము విడుచును. మిర్యాలగూడ స్టేషనులో బండికొరకు గంటసేపు వేచియున్న వానికి ఆ కథ పరాయిదిగా తోచదు. తన యూరి బల్లను, గడియారమును, టోపీని ఉన్నవి యున్నట్లు చూపుటచేతనే ఆ దర్శకుడు లోకమునకు తెలిసినవాడాయెను.

మనవారును సినిమాకు పోకపోలేదు. కోదాడ చెంత గుడిబండలో 1923లో జన్మించిన కాంతారావుగారిని ఎరుగనివారు మీలో నుండరు. నారదుడన్న ఆయనయే, కత్తియుద్ధమన్న ఆయనయే; 1963 నాటి 'లవకుశ'లో లక్ష్మణుడు ఆయనయే. తుంగతుర్తికి చెందిన ప్రభాకరరెడ్డిగారు వైద్యవిద్య చదివియు నటనకే అంకితమైరి. అయితే కాంతారావుగారు కత్తిపట్టిన జానపద కథలకు ఊరు లేదు, తాలూకా లేదు. ఆ రాజ్యములు పటమున వెదకిన దొరకవు. అది తప్పని నేననను. ఆ కత్తి చప్పుళ్లకు నా బాల్యమున నేనును చప్పట్లు కొట్టితిని. కాని గుడిబండ బిడ్డడు అన్నేండ్లు తెరపై నిలిచినను, గుడిబండ మాత్రము తెర కెక్కలేదు.

మన పల్లె తెర కెక్కినది 1979 నాటి 'మా భూమి'తో. 1946 మొదలు 1951 వరకు సూర్యాపేట తాలూకాను, దాని చుట్టుప్రక్కలను కుదిపివేసిన రైతు పోరాటమే దానికి నేపథ్యము. మూలము కిషన్ చందర్ రచించిన ఉర్దూ నవల; దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు; నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గారలు. ఉర్దూ రచయిత, వంగ దర్శకుడు కలిసి తెలుగు బీదరైతు గోడును చెప్పుట వింత గాదా? రామయ్య యను రైతుబిడ్డగా సాయిచంద్ నటించెను. హైదరాబాదున ఉదయపు ఆటలలో ఆ చిత్రము బహుకాలము నడిచినది. 1980లో, ఇందాక చెప్పిన కార్లొవీ వారీ యుత్సవమునను ప్రదర్శింపబడినది. మా పెద్దనాయన బొమ్మలు చూచు మనిషి కాడు. దీనిని మాత్రము చూచివచ్చి, "ఆ గొంగడి మనదేరా" యని యొక్కమాట యనెను. అంతకు మించిన సమీక్షను నేనెందును చదువలేదు.

ఇక 'దాసి' మాట. నర్సింగరావుగారే 1988లో దీనిని తీసిరి. దొరసానితో పాటు అరణముగా గడీకి వచ్చిన కమలాక్షి యను దాసి కథ యిది. ఆమె గర్భవతి యగును; కడుపులోని బిడ్డపైనను ఆమెకు హక్కు లేదని గడీ తీర్మానించును. ఈ చిత్రమునకు జాతీయ పురస్కారములు అయిదు వచ్చినవి: ఉత్తమ తెలుగు చిత్రము, ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణమునకు ఎ. కె. బీర్, కళాదర్శకత్వమునకు కరీంనగరము సీమ చిత్రకారుడు వైకుంఠం. అయిదవది దుస్తులకు. అది పొందినవారు మిర్యాలగూడకు చెందిన చిత్రలేఖనోపాధ్యాయులు పిట్టంపల్లి సుదర్శన్ గారు. నాటినుండి ఆయనను లోకులు 'దాసి సుదర్శన్' అనియే పిలిచిరి. 2024లో ఆయన కన్నుమూసిరి.

దుస్తులకు బహుమానమేమని కొందరు నవ్వవచ్చును. ఆలోచింపుడు. దాసి చీర అంగడినుండి అప్పుడే తెచ్చినట్లు నిగనిగలాడినచో, ఆమె కన్నీరును ఎవ్వరు నమ్ముదురు? చీర ఎన్నిమార్లు ఉతుకబడినదో, అంచు ఎచ్చట చిరిగినదో, పనిచేయునప్పుడు కొంగు ఎచ్చట దోపబడునో అన్నియు తెలియవలెను. దొరసాని పట్టుచీర ప్రక్కన ఆ నేతచీర నిలిచిన క్షణముననే సగము కథ నోరు విప్పకయే తెలిసిపోవును. మాస్కోవారికి తెలుగు రాదు. వారికి తెలిసిన భాష ఆ గుడ్డయే. 1989లో అచ్చటి చిత్రోత్సవమున 'దాసి'కి యోగ్యతాపత్ర మొసగిరి. నర్సింగరావుగారి 'మట్టి మనుషులు' చిత్రమునకును 1991లో అదే మన్నన దక్కినది. అది కూలికై పట్నము జేరిన పల్లెవారి గాథ.

నన్ను కలత పెట్టు విషయమొకటి కలదు. 1948 సెప్టెంబరున పదియేండ్లవాడైన వానికి నేడు ఎనుబదియైదేండ్లు దాటినవి. దొర ఎదురైనప్పుడు చెప్పులు ఎంత దూరమున విడువవలసియుండెనో, జీతగాడు గొంగడిని ఎట్లు మడిచెడివాడో కన్నులార జూచినవారు ఊరికి ఒకరో యిద్దరో మిగిలియున్నారు. పుస్తకములందు పోరాటపు తేదీలు దొరకును. గొంగడి మడత దొరకదు.

మొన్న మా యూరికి చిన్న చిత్రము తీయనెంచిన కుర్రవాండ్రు నలుగురు వచ్చిరి. రచ్చకట్టపై నున్న పెద్దాయనను, "తాతా, మోటబొక్కెన తోలుదా, ఇనుముదా?" యని యడిగిరి. "బొక్కెన ఇనుముది, తొండము తోలుది" యని ఆయన మొదలుపెట్టి అరగంట చెప్పెను. వారు వ్రాసికొనుచుండగా, ఎద్దులు దారివెంట వెనుకకు నడచు తీరు చూపుటకై కర్ర ప్రక్కనబెట్టి లేచి నిలిచెను.