గద్వాల మగ్గము – మూడు నాడెల విద్య



గద్వాల చీర యనగానే అగ్గిపెట్టెలో పట్టునంత పలుచదనమని చెప్పుదురు. ఆ మాట చెప్పి చెప్పి అరిగిపోయినది. చీరను అగ్గిపెట్టెలో పెట్టుట వేడుకయే గాని, దానిని మగ్గముపై నేయుటలోని శ్రమను చెప్పువారు అరుదు. నేటి ప్రసంగము ఆ శ్రమను గూర్చియే.

గుంటమగ్గముపై సాదా నూలుచీర నేయువానికి నాడె యొక్కటే. కాలితో పలక తొక్కగానే పడుగు రెండుగా విడివడును. నాడె ఈ కొస నుండి ఆ కొసకు పోవును. పన్నెతో పేకను కొట్టవలెను. చేయియు కాలును కలసివచ్చినచో పని పట్టుబడును.

గద్వాల మగ్గము వద్ద ఈ విద్య చాలదు. చీర నడిమి భాగము నూలు. అంచులును కొంగును పట్టు. పడుగే రెండు జాతులది. నూలు సాగుట తక్కువ, పట్టు సాగుట ఎక్కువ; రెండింటి బిగువును సరిచూడనేర్వనివాని చీర అంచున ముడుతలు పడును. ఇక నాడెలు మూడు: నడిమికి ఒకటి, అంచులకు రెండు. నడిమి నాడె అంచులోనికి పోరాదు. అంచు మొదట పట్టుపేకతో మెలికపడి వెనుదిరుగవలెను. దీనినే కుట్టు అనియు కుప్పడము అనియు నందురు. పేరు కుట్టే గాని యిందు సూదికి పనిలేదు! మెలిక బిగిసెనా, గుడ్డ ముడుచుకొనును. వదులయ్యెనా, సందు పడును. ప్రతి పేకకును రెండువైపులను ఇదే జాగ్రత్త. అందుచేతనే యీ మగ్గమునకు తరచుగా ఇద్దరు కావలెను. ఒకరి చేయి తొందరపడిన రెండవవారి పని చెడును.

అంచులోని బుట్టలకు, కోటకొమ్మలకు జాకార్డు కావలెను. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున జోసెఫ్ మరీ జాకార్డు దీనిని రూపొందించెను. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగుపోగు పైకి లేచును, లేనిచోట లేవదు. అంతకు పూర్వము ఆ పోగులను ఒక సహాయకుడు త్రాళ్లతో లాగవలసియుండెను. అట్టల వరుస తారుమారైన కొమ్మ విరుగును. అట్టి తప్పును కనుగొనుటకు పనివాని కన్నే దిక్కు.

గద్వాల సంస్థానాధీశ్వరి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతగాండ్రను కాశీకి పంపి జరీపని నేర్పించెనని ప్రతీతి. 2010లో గద్వాల చీరలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2016లో పాత మహబూబునగరు జిల్లా విడివడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనను నేతకు ఆ హద్దులు లేవు: గద్వాల, రాజోలి వలెనే వనపర్తి జిల్లాలోని అమరచింతయు నేతవారి ఊరే.

అయితే గుర్తింపుపత్రము నాడె వేయదు. ఇద్దరు కూర్చుండి నేసిన చీర కూలిని ఇద్దరికిని పంచవలెను. ఈ లెక్క చూచిన పిల్లలు పట్టణముల పనికి పోయిన తప్పెవరిది? మరమగ్గపు అనుకరణ దూరమునకు అచ్చముగా అట్లే కనబడును. చీర తిరగవేసి, అంచును నడిమిని కలుపు కుట్టును వ్రేలితో తడిమిచూడుడు. ధర అడుగుటకు ముందు ఆ పరీక్ష చేయుడు.

గ్రంథాలయమునకు ఒక మనవి. అంచుల నమూనాలను మొదట గళ్ళకాగితముపై గీసి, పిదప అట్టలకు చిల్లులు కొట్టుదురు. ఆ కాగితములు ఇండ్ల అటకలపై చెదలపాలగుచున్నవి. వానిని అడిగి తెచ్చి, నమూనా పేరును, అట్టల సంఖ్యను, ఏ ఊరి మగ్గమున నేసిరో ఆ వివరమును ప్రక్కన వ్రాసి, ఒక సంపుటముగా కుట్టించి బీరువాలో ఉంచవలెను. కాగితములు లేనిచోట పాతచీర అంచునే చూచి గీయవచ్చును. గళ్ళు లెక్కించుటకు బడిపిల్లలు చాలుదురు.