బెంగళూరు – శాన్ ఫ్రాన్సిస్కో: దూరమెంత? కాలమెంత?



పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో తరచు వినిపించే ప్రశ్న ఒకటున్నది: "విమానమెక్కితే ఎన్ని గంటలు?" ప్రశ్న చిన్నదే. దూరం చెప్పే సమాధానం ఒకటి, ఆకాశంలో గడిచే కాలం చెప్పేది వేరొకటి, గడియారం చూపేది మరొకటి.

దిక్సూచిని ఒకే కోణంలో నిలిపి, బెంగళూరు నుంచి తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరాలంటే దాదాపు 16,100 కిలోమీటర్లు. తరగతి గదిలోని గ్లోబు తీసి, ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి చూస్తే వేరొక మార్గం కనబడుతుంది. దారం తూర్పుకు పోదు. నేపాలును, టిబెట్టును, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రపు అంచును తాకి, అలాస్కా మీదుగా దిగుతుంది. ఆ మార్గం సుమారు 14,000 కిలోమీటర్లే. రెండు వేల కిలోమీటర్లను మిగిల్చినది భూమి గుండ్రదనమే.

అయితే విమానం దారం వెంట పోలేదు. లోపలి గాలి పీడనం హఠాత్తుగా తగ్గితే విమానాన్ని వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దించవలె. ప్రయాణికులకు అందే ప్రాణవాయువు కొద్ది నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4,500 మీటర్లు! కనుక విమానాలు సాధారణంగా దానిని తప్పించుకొని పోతాయి. దానికి తోడు ఎదురుగాలి, అనుమతి లేని గగనతలాలు ఉండనే ఉన్నవి. భూమి తిరుగుతున్నది గనుక విమానం ఊరకే నిలిస్తే ఊరే కిందికి రాదా అని చురుకైన పిల్లలు అడుగుతుంటారు. గాలి కూడ భూమితోపాటే తిరుగుతున్నది గదా!

2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువ మార్గాన ఎక్కడా ఆగకుండా 11వ తేదీ తెల్లవారుజామున మూడు దాటాక బెంగళూరులో దిగింది. దానిని నడిపిన కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ నలుగురూ మహిళలే. తేదీలు చూస్తే ముప్పై గంటలకు పైమాటే. అందులో రెండు ఊళ్ల గడియారాల తేడా పదమూడున్నర గంటలు తీసివేస్తే, ఆకాశంలో గడిచినవి సుమారు పదిహేడు. వేసవిలో అక్కడి గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు గనుక తేడా పన్నెండున్నరే.

ఈ తీసివేత ఇంట్లో అందరికీ తెలిసి ఉండవలె. టికెట్ మీద బయలుదేరే వేళ ఒక ఊరిది, దిగే వేళ మరొక ఊరిది. అది గమనించక, విమానం రాలేదని రాత్రంతా కలత చెందే తల్లులున్నారు. ఒంటరిగా ప్రయాణించే పెద్దలకు ఇంకొక చిక్కు: మధుమేహానికి మందు వాడేవారు ఏ గడియారం ప్రకారం మాత్ర వేసుకోవలె? బయలుదేరక మునుపే వైద్యుని అడిగి, గంటలను తెలుగులో ఒక కాగితం మీద వ్రాయించుకొని, మందులతో సహా చేతిసంచిలో ఉంచుకోవడం మేలు. విమానం అడుగున చేరిన పెట్టె దిగేదాకా అందదు.