ఊరి పటములో ఆటస్థలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



గ్రంథాలయపు రజతోత్సవమున ఆటస్థలమును గూర్చి ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును బంతికిని పొత్తు కుదరదని లోకములో నొక నమ్మకము కలదు. పూర్వగ్రంథములలో ఆ నమ్మకము కానరాదు. మహాభారతము ఆదిపర్వమున కురుకుమారులు హస్తినాపురము వెలుపలికి పోయి ఆడుకొనుచుండగా వారి ఆటవస్తువు నీరులేని బావిలో పడినది. దానిని బంతి యనువారును, చిల్లాకట్టె ఆటలోని బిళ్ల వంటి దనువారును కలరు. కుమారులు బావి చుట్టు చేరి దిక్కుతోచక నిలిచియుండగా, ఒక పేదబ్రాహ్మణుడు వచ్చి గడ్డిపుల్లల నొకదానితో నొకటి గ్రుచ్చి దానిని పైకి తీసెను. ఆయనయే ద్రోణాచార్యుడు. గురుశిష్యుల తొలిపరిచయము పాఠశాలలో గాక ఆటస్థలమున జరిగినది.

ఈ కథలో గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. అంతటి రాజధాని చెంత బాలురు ఆడుకొను చోట పాడుబావి నోరు తెరచుకొని యుండెను. ద్రోణుడు ఆ దారిని వచ్చెను గనుక సరిపోయినది. ప్రతి యూరి పాడుబావి యొద్దను ద్రోణుడు నిలిచియుండడు. ఆటస్థలమును కనిపెట్టుకొని చూచువారుండవలెను. ఈ ప్రసంగమున చెప్పదలచిన దంతయు ఇందులోనే యున్నది.

పూర్వము ఈ పుంగనూరు, పలమనేరు ప్రాంతములలో పిల్లలకు ఆటస్థలము కావలెనని అర్జీ పెట్టుకొనవలసిన పనిలేదు. భూమి విశ్రమించిన చోటనెల్ల పిల్లలు ఆడుకొనిరి. వేరుసెనగ పెరికిన పిమ్మట చేను బీడుగా నుండెడిది. అక్కడ చిల్లాకట్టె ఆడిరి. రాగులు నూర్చి ముగించిన కళ్లము అలికిన వాకిలివలె చదునుగా నుండెడిది. అక్కడ చెడుగుడు ఆడిరి. వేసవిలో చెరువు ఎండినంతనే దాని నేల యంతయు పిల్లలదే. చింతతోపు నీడ గోలీలకును, కోతికొమ్మచ్చికిని చాలియుండెను. ఎవరును ఇచ్చినది లేదు, ఎవరును అడిగినది లేదు. భూమి నిద్రించునప్పుడు పిల్లలు మేల్కొని ఆడిరి, అంతే.

నేడు భూమికి నిద్ర లేదు. బోరుబావి వచ్చినది. టమాట, మల్బరి, పాడిపశువుల గ్రాసము ఏడాది పొడుగునను చేలలో నిలుచుచున్నవి. యంత్రములు వచ్చి కళ్లముల పని తగ్గించినవి. ఊరి చుట్టు నున్న బయళ్లు ఇండ్ల స్థలములైనవి. తక్కినవానికి కంచెలు పడినవి. ఎండిన చెరువులలో సర్కారుతుమ్మ అల్లుకొన్నది. ఇందులో ఎవరినిగాని నిందింప పనిలేదు. రైతు మరియొక పంట తీయుట సంతోషింపదగిన మాటయే. అయినను ఒక పద్దున జమయైనది మరియొక పద్దున ఖర్చు వ్రాయక తప్పదు. ఆ ఖర్చు పిల్లల పద్దున పడినది. ఎవరును దానిని వ్రాసికొనలేదు.

అది ఎంత ఖర్చో తెలియవలెనన్న తెల్లవారుజామున రహదారి యంచున నిలిచి చూడవలెను. పోలీసు కొలువునకు 1600 మీటర్ల పరుగు పరీక్ష కలదు. సైన్యమున చేరుటకును అట్టిదే కలదు. ఆ పరీక్షలకు సిద్ధమగు పేదయింటి యువకులు లారీల నడుమ, దీపముల మిరుమిట్లలో, తారురోడ్డు మీద పరుగెత్తుదురు. పట్టణపు యువకుడు మట్టిబాటపై సాధన చేసి వచ్చును. పల్లెయువకుడు ప్రాణము అరచేత పట్టుకొని వచ్చును. ఇద్దరికిని పరీక్షలో గడియార మొక్కటే. రహదారిపైకి పోజాలని బాలికల మాట చెప్పనే అక్కరలేదు. వారికి బడిగంట కొట్టుటతోనే ఆట ముగియును.

ఆటస్థలమనగానే ఎకరములకొలది నేల కావలెనని పెద్దలు భయపడుదురు. లెక్కవేసి చూచినచో భయము తీరును. పురుషుల కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మూడుంబాతిక సెంట్లకు లోపే. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9 మీటర్లు, నాలుగు సెంట్లు. ఖోఖో బరి 27 మీటర్లకు 16 మీటర్లు. పదునొకండు సెంట్లకు తక్కువ. ఈ మూడింటికిని చుట్టు మూడేసి మీటర్లు వదలినను మొత్తము 35 సెంట్లు మించదు. అర ఎకరము దొరికినచో చూచువారు కూర్చుండుటకును, నాలుగు నీడచెట్లు నాటుటకును చోటు మిగులును. క్రికెట్ మైదానమునకు మాత్రము మూడెకరములకు పైబడియు, 400 మీటర్ల పరుగుబాటకు సుమారు నాలుగెకరములును కావలెను. ఇవి ప్రతి పల్లెకును సాధ్యములు కావు. కొన్ని పల్లెలు కలిసి మండలకేంద్రమున ఒకటి ఏర్పరచుకొనవలెను. క్రికెట్ పిచ్ పొడవు 22 గజములు. పూర్వము భూమిని కొలిచిన సర్వే గొలుసు పొడవును సరిగా 22 గజములే. నేలను కొలిచిన గొలుసే ఆటను కొలిచినది. ఆటకును భూమి లెక్కకును అంతటి చుట్టరికము కలదు.

ఇక నేల యెక్కడిదను ప్రశ్న. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము మేత పోరంబోకులను, కళ్లములను, శ్మశానములను, పశువులు నిలుచు బయళ్లను, తోపులను గ్రామపంచాయతి వశము చేసినది. ఊరి ఉమ్మడి నేలల నాక్రమించిన వారిని తొలగించి, ఆ నేలలను ఊరి వాడుకకు మరల నప్పగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కావున పని తప్పిన కళ్లమొకటి ఊరిలో మిగిలియున్నచో పిల్లలకు అదియే మొదటి ఆశ. చెరువు నేల జోలికి మాత్రము పోరాదు. అది నీటి సొత్తు, వేసవిలో ఎరువు తెచ్చుకొన్నట్లు ఆడుకొని విడువవలసినదే. మేతభూమి నంతయు మైదానము చేయుటయు తగదు. పుంగనూరు పొట్టిజాతి ఆవునకు పుట్టినిల్లయిన సీమలో పశువు నోటి గడ్డి లాగికొని ఆడు ఆట శుభము కాదు. అర ఎకరము చాలునని లెక్క చెప్పుచున్నప్పుడు ఆశ పెంచుకొన పనిలేదు.

నేల దొరికినంతనే చాలదు. గ్రామసభలో తీర్మానము కావలెను. సర్వేయరు కొలిచి నాలుగు మూలల హద్దురాళ్లు నాటవలెను. గ్రామపటములోను, అడంగలు లెక్కలోను ‘ఆటస్థలము’ అను మాట ఎక్కవలెను. నోటిమాటతో విడిచిన నేల మొదటి యేట మైదానముగా నుండును. రెండవ యేట ఒక మూల గడ్డివామి వెలయును. మూడవ యేట పేడదిబ్బ. నాలుగవ యేట గోడ లేచును. అప్పుడు ‘ఇది పిల్లలదని పెద్దలు చెప్పిరే’ యన్న ప్రయోజనము లేదు. మాట యిచ్చిన పెద్దలు గతింతురు; రాయి నిలుచును, వ్రాత నిలుచును.

నేలను ఆటకు తగినట్లు చేయుట గొప్ప విద్య కాదు. ఈ సీమ ఎర్రనేలలో గులకరాళ్లు మెండు. ముందుగా వానిని ఏరవలెను. కంపను వేళ్లతో పెకలింపవలెను. నడుమ కొంచెము మిట్టగా, నూరడుగులకు ఒక అడుగు చొప్పున అంచులకు వాలుండునట్లు నేలను సరిచేసి, చుట్టు కాలువ తీసినచో వాననీరు నిలువదు. పైని సన్నని గరుసుమన్ను పరచి, తడిపి, రోలరు నడపినచో బరి సిద్ధము. పాడుబావి యున్నచో పూడ్పింపవలెను, లేదా గట్టు కట్టింపవలెను. హస్తినాపురపు పాఠము మరువరాదు.

కరవుసీమలో ఇట్టివి సాగునా యనువారు పొరుగుననున్న అనంతపురమును చూడవలెను. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఎండిన నేలలో క్రీడాగ్రామమును నిర్మించి పల్లెపిల్లలకు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ మున్నగు ఆటలు నేర్పినది. స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రఫాయెల్ నడాల్ పేరిట 2010లో అక్కడ టెన్నిస్ పాఠశాల వెలసినది. 2024 సెప్టెంబరులో దేశపు మేటి క్రికెటర్లు దులీప్ ట్రోఫీ పోటీలు ఆ మైదానముననే ఆడిరి. మేటివారు వచ్చి పోవుట అంత ముఖ్యము కాదు. ఆ పచ్చికపై కూలివారి బిడ్డలు ఆడుట ముఖ్యము.

వరంగల్లు చెంతనున్న కల్లెడ చిన్నపల్లెయే. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో విలువిద్య పోటీలకు పోయిన వర్ధినేని ప్రణీత ఆ ఊరి బిడ్డ. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచిన జీవాంజి దీప్తియు ఆ ఊరి బిడ్డయే. 2000 సంవత్సరమున సిడ్నీలో భారతస్త్రీలకు తొలి ఒలింపిక్ పతకము తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము సీమ పల్లెటూరిలో పెరిగినది. ముగ్గురును ఆడుబిడ్డలే యని గ్రహింపవలెను. ప్రతి పల్లెయు పతకము తేవలెనని కాదు. మొలచిన విత్తునకు నేల నిరాకరింపరాదని మాత్రమే.

కావున ఆటస్థలము అందరిదై యుండవలెను. అది ఊరికిని దళితవాడకును నడుమ, ఇరువైపుల పిల్లలును జంకులేక వచ్చు చోట నుండవలెను. ఒక వీధివారి వాకిట నున్న ఆటస్థలము ఆ వీధివారిదే యగును. నేల యందరిదైనను వేళ కొందరిదగుట మరియొక చిక్కు. పెద్దబాలురు క్రికెట్ మొదలిడిరా, పొద్దు గ్రుంకువరకు చిన్నవారు అంచుల నిలిచి బంతు లేరి యిచ్చుటతో సరి. బాలికలు తొంగిచూచి మరలుదురు. కావున గ్రంథాలయమునకు వేళలున్నట్లే మైదానమునకును వేళలుండవలెను. ఉదయము పరుగెత్తువారిది, బడి విడిచిన తరువాత తొలిగంట చిన్నపిల్లలది, వారమున మూడు సాయంకాలములు బాలికలవి, తక్కినవి యువకులవి. పలకపై వ్రాసి స్తంభమునకు కట్టినచో తగవు తగ్గును. బడికి ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అట్టిచోట ఉపాధ్యాయుల సమ్మతితో ఉదయసాయంకాలములు ఆ తలుపు ఊరి పిల్లలకును తెరచినచో క్రొత్త నేల వెదకు పనియే తప్పును.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనరాదు. పంచాయతులలో క్రీడాస్థలములు ఏర్పరచుటకు కేంద్రప్రభుత్వము 2008–09లో ఒక పథకమును ప్రారంభించెను. 2014లో దాని పేరు మారినది. 2016లో అది ఖేలో ఇండియాలో కలిసినది. ఉపాధిహామీ పనుల పట్టికలో 2014 నాటికి ఆటస్థలముల నిర్మాణము చేరినది. తెలంగాణలో 2022లో ఊరూర క్రీడాప్రాంగణములు తలపెట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరున ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు ప్రారంభమైనవి. పథకము నేలను చదును చేయగలదు, పోటీ నాలుగు దినములు జనమును చేర్చగలదు. అయిదవనాడు గేటు తాళపుచెవి యెవరి యొద్ద నుండును? వానలకు మొలచిన కంప నెవరు నరుకుదురు? వీనికి ఊరిలోనే సమాధానముండవలెను. కాపరి లేని మైదానమును కంప యేలుకొనును.

ఇచ్చట గ్రంథాలయము పని ప్రారంభమగును. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన పిమ్మట ఆ యుద్యమకారులు పాఠకుడు వచ్చువరకు వేచియుండలేదు. పడవలపై సైతము పుస్తకములను పల్లెలకు చేర్చిరి. కొనలేనివాడు చదువుకొనవలెనన్నదే వారి వ్రతము. బంతి కొనలేనివాడు ఆడుకొనవలెనన్న వ్రతము దానికి తోబుట్టువు. ఇరువదియైదేండ్లు పుస్తకములను వరుససంఖ్య వేసి, అరువిచ్చి, వాపసు తీసికొని, చినిగినవానికి అట్టలు వేసిన చేతులకు నాలుగు బంతులు, రెండు వలలు, ఒక పరుగుగడియారము లెక్కలో ఉంచుట భారము కాదు. పుస్తకమువలెనే బంతియు చిట్టాలో ఎక్కవలెను. సంతకము పెట్టి తీసికొని, సంతకము పెట్టి అప్పగింపవలెను. అప్పగించు నలవాటు నేర్చిన పిల్లవాడు ఉమ్మడిసొత్తన నేమో నేర్చును.

రజతోత్సవమున గడచిన యేండ్లను తలచుట ఆచారము. రాబోవు యేండ్లకు ఒక మాట ఇచ్చుట అంతకంటె మేలు. అర ఎకరము నేల, నాలుగు హద్దురాళ్లు, పటములో ఒక పేరు, ఒక తాళపుచెవి, ఒక చిట్టా. ఇంతమాత్రము సమకూరినచో స్వర్ణోత్సవమునాటికి ఈ ముందువరుసల బాలికలలో ఒకతె ఇదే వేదికపై నిలిచి, ఏ మట్టిలో పరుగు నేర్చినదో చెప్పగలదు. అట్టి దినము వచ్చుగాక.

స్వస్తి.