మరచెంబు మీది అక్షరాలు

తోటపని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ఒక తోటలో మేము చేసిన బేరం గురించి చెబుతాము.

మనముంటున్న ఈ ఇంగ్లండులో ధర్మకార్యాల కోసం ఇంటి తోటలను నలుగురికీ తెరిచే ఆచారం ఉంది. 1927లో నేషనల్ గార్డెన్ స్కీమ్ మొదలైనప్పుడు 609 తోటలు తెరిచారు. మనిషికి ఒక షిల్లింగు రుసుము. ఆ సొమ్ము ఇంటింటికీ వెళ్లి రోగులకు సేవచేసే నర్సుల కోసం. నేటికీ అటువంటి తోటల్లో టీ, కేకులతోపాటు మొక్కలూ అమ్ముతారు. కొన్నిచోట్ల పాతసామాన్ల బల్ల కూడా వేస్తారు.

ఒక మే నెలలో అలాంటి తోటకు వెళ్లాము. కొత్తవారికి మా అనుభవం చెబుతాము: విరగబూసిన మొక్కకన్న మొగ్గ తొడగని మొక్క కొనడం మేలు. బంతినారు, చిక్కుడునారు కొంటే వెంటనే బయట నాటకండి. నెలాఖరుదాకా రాత్రి మంచు భయం ఉంటుంది. తొందరపడి ఒక ఏడు బంతినారంతా పోగొట్టుకున్నాము.

మొక్కలు కొనుక్కుని పాతసామాన్ల బల్ల దగ్గరకు వెళితే, పింగాణీ పళ్లేల మధ్య ఇత్తడి మరచెంబు కనిపించింది! వెల 8 పౌన్లు. అలవాటు చొప్పున "5కి ఇస్తారా?" అన్నాము. బల్ల దగ్గరున్న పెద్దావిడ నవ్వి, "ఈ డబ్బు నర్సులకు వెళుతుందండీ" అన్నారు. సిగ్గుపడి 10 ఇచ్చాము. "మెడచుట్టూ నగిషీ బాగుంది" అన్నారావిడ.

తీరా చూస్తే, చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు! "చి. సౌ." అని ఉంది. తరువాతి పేరు అరిగిపోయింది. ఎవరి పెళ్లికో పెట్టిన చెంబు. అక్కడికెలా చేరిందో ఆవిడకూ తెలియదు.

ఇంటికొచ్చాక 12 ఏళ్ల మా అబ్బాయి దాన్ని తిప్పి చూసి, "ఈ డిజైన్ ఏమిటి నాన్నా?" అన్నాడు. ఆవిడకు తెలియకపోవడంలో వింతలేదు. వాడికి తెలియకపోవడం మా తప్పు.

ఆ వారమే చెంబు ముందు పెట్టుకొని అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాము. "చి" వచ్చింది. "సౌ" దగ్గర ఇంకా తడబడుతున్నాడు. మీ ఇళ్లలోనూ పేర్లు కొట్టించిన గిన్నెలు, చెంబులు ఉండే ఉంటాయి. ఆ పేర్లు ఎవరివో పిల్లలచేత చదివించండని మనవి. సెలవు.