రోగిశయ్య నుండి ప్రయోగశాలకు



స్నాతకోత్సవ వేదికపై నిలిచినవారు దేశమును గూర్చియు ధర్మమును గూర్చియు ప్రసంగించి యువవైద్యులగు మిమ్ము ఆశీర్వదించుట పరిపాటి. ఆ పని నాకంటె బాగుగ చేయగల పెద్దలిచట నుండగా, నేను ఒక్క వైద్యుని గూర్చియు, ఆయన చివరివరకు విడువని ఒక్క ప్రశ్నను గూర్చియు మాత్రమే చెప్పదలచితిని. ఆయన పేరు బెన్ బారెస్. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 1954లో జన్మించి, 1979లో డార్ట్‌మత్ వైద్యకళాశాలనుండి మీవలెనే పట్టము పుచ్చుకొని, న్యూయార్కు నగరమున నాడీవైద్యమునందు శిక్షణము పొందెను.

నాడీరోగుల వార్డు ఎట్టిదో అచట రాత్రి డ్యూటీలు చేసిన మీకు నేను చెప్పనక్కరలేదు. కాలుసేయి పడిపోయినవాడొకడు, మాట పోయినవాడొకడు, కన్నకొడుకును ఎవరవు నాయనా అని అడుగు ముదుసలి యొకతె. సుత్తితో మోకాలిపై తట్టి, కంటిలో టార్చి వేసి చూచి, రోగమిదియని చెప్పుట వరకు వైద్యుని విద్య చక్కగనే సాగును గాని, ఇక చేయవలసినదేమని ఇంటివారడిగినపుడు ఆయన నేలచూపులు చూడవలసి వచ్చుట ఆ కాలమున నిత్యకృత్యముగ నుండెను. ఆ అశక్తతలో నున్న బారెస్ దృష్టినాకర్షించినది రోగుల మెదడు ఛేదములలో కానవచ్చిన ఒక వింత: వ్యాధి ఏదైనను, అది సోకిన చోటనెల్ల నాడీకణముల నడుమ నుండు గ్లియా కణములు ఆకారము మారి గుమిగూడియుండెను. అవి గాయమును మాన్ప వచ్చినవా, గాయమును చేయుచున్నవా? ఆనాటి గ్రంథములలో దీనికి సమాధానము లేదు. 19వ శతాబ్దమున విర్కో పండితుడు వీనిని నాడీకణముల నడుమ నింపుడు పదార్థముగ నెంచినది మొదలు, కీర్తియంతయు నాడీకణములకే దక్కుచు వచ్చెను. మెదడులో నాడీకణమొక్కటికి గ్లియా కణములు పదియని మాకు పాఠము చెప్పిరి, మేమును మీకు చెప్పితిమి. లెక్కపెట్టి చూడగా రెండును ఇంచుమించు సరిసమానమేయని, నాడీకణములు 8,600 కోట్ల వరకు నుండునని 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు తేల్చిరి. లెక్కింపకయే అంతకాలము బోధించితిమన్న మాట!

చేతిలోనున్న వృత్తిని విడిచి, మరల విద్యార్థియై హార్వర్డులో చేరి, పిదప లండనులో మార్టిన్ రాఫ్ ఆచార్యుని చెంత పనిచేసి, 1993లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సొంత ప్రయోగశాలను నెలకొల్పుకొనిన ఆయన జీవితమున నన్నెక్కువగ ఆకర్షించునది సిద్ధాంతము కాదు, చేతిపని. మెదడులో కణములన్నియు ఒకదానినొకటి పెనవేసికొనియుండుటచే ఏ పని ఎవరిదో తెలియరాదు. కావున మొదట వానిని వేరుచేయవలెను. ఎలుకపిల్ల నేత్రపటలమును ఎంజైములో నానబెట్టి, కణములు విడివిడిగ ద్రవమున తేలునట్లు చేసి, అడుగున ప్రతిరక్షకములు పూసిన పాత్రలో పోయుదురు. అక్కరలేని కణములు ఆ పూతనంటుకొని నిలిచిపోవును. అంటనివానిని మరియొక పూతగల పాత్రలోనికి వంచినచో, ఈమారు కోరిన కణము మాత్రమే అంటుకొనును. తక్కినవానిని మెల్లగ కడిగివేయుదురు. మన ఇండ్లలో బియ్యమేరిన చందమున ఓర్పుతో చేయవలసిన పనియిది. అంతటితో తీరునా? ఒంటరిగ మిగిలిన కణము త్వరలోనే చచ్చును. దానికి ఏ సంకేతములు ప్రాణాధారమో కనుగొని అందీయవలెను. గ్లియాలో ఒక తెగయైన ఆస్ట్రోసైట్లను ఈ విధముగ శుద్ధముగ పెంచుట ఆయన శిష్యులకు 2011 నాటికిగాని సాధ్యపడలేదు.

ఫలమేమనగా, ఒంటరిగ పెరిగిన నాడీకణములు తంతువులు చాచి ఆరోగ్యముగనే యుండెను గాని, వాని నడుమ సంకేతములందించు సంధులు, అనగా సినాప్సులు, బహుస్వల్పముగ నేర్పడెను. గ్లియా తోడుండగా ఆ సంఖ్య ఏడురెట్లాయెను. 2001లో ప్రకటింపబడిన ఈ ఫలితముతో నింపుడు పదార్థమన్న మాటకు కాలము చెల్లెను. 2007లో బెత్ స్టీవెన్స్ అను పరిశోధకురాలు ఆయన ప్రయోగశాలలోనే, సూక్ష్మజీవులపై ప్రయోగించుటకు శరీరము దాచుకొను కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఎదుగుచున్న మెదడున అనవసరపు సినాప్సులకు గుర్తువేసి తొలగింపజేయునని చూపెను. తుదకు 2017లో వార్డునాటి ప్రశ్నకు సమాధానము దొరకెను: గ్లియాలో మరియొక తెగయైన మైక్రోగ్లియా వెలువరించు మూడు ప్రొటీన్లు సోకినపుడు, పోషించు ఆస్ట్రోసైటే నాడీకణమును చంపునదిగ మారును. ఆ మూడింటిని అడ్డగింపగా, తంతువు తెగిన నాడీకణములు జంతువులలో బ్రదికిపోయెను. ఆల్జైమర్, పార్కిన్‌సన్, హంటింగ్టన్ వ్యాధులతో మరణించినవారి మెదళ్ళలోను అట్టి ఆస్ట్రోసైట్లు కానవచ్చెను. మాన్పునవా, చంపునవా యన్న ప్రశ్నకు రెండును అనుటయే జవాబు. ఎప్పుడేది యనుటయే శాస్త్రము.

మరియొక సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. పుట్టినపుడు ఆయనకు పెట్టిన పేరు బార్బరా. బాలికగ పెరిగి, స్త్రీగ చదివి, 1997లో తాను పురుషుడనని తోటివారికి తెలియజేసి బెన్ అయ్యెను. విద్యార్థిదశలో, ఇంచుమించు అందరును పురుషులేయైన తరగతిలో, ఎవరికిని కొరుకుడుపడని గణితసమస్యను తానొక్కరే సాధింపగా, నీ స్నేహితుడు చేసిపెట్టియుండునని ఆచార్యుడనెనట. పేరు మారిన పిమ్మట ఆయన ఉపన్యాసము విన్న శాస్త్రజ్ఞుడొకడు, ఇతని పని ఇతని సోదరి పనికంటె ఎంతయో మేలని మెచ్చుకొనెనట. ఆ సోదరియు ఆయనయే! స్త్రీలకు శాస్త్రప్రతిభ పుట్టుకతోనే తక్కువయనువారికి 2006లో నేచర్ పత్రికలో ఆయన సమాధానము వ్రాసినపుడు, రెండు వైపుల మర్యాదను చవిచూచిన ఆ సాక్షిని త్రోసిపుచ్చుట ఎవరికిని సులభము కాలేదు. ఇచట పట్టములందుకొనుచున్న ఆడుబిడ్డలకు ఈ కథపై వ్యాఖ్యానమక్కరలేదు.

క్లోమమున పుట్టిన క్యాన్సరుతో 2017 డిసెంబరు 27న ఆయన మరణించెను. ఆ సంవత్సరమే, యువపరిశోధకులు ప్రయోగశాలను వీడిపోవునపుడు తమ పరిశోధనాంశమును తమతో తీసికొనిపోనీయుడని తోటి ఆచార్యులను బహిరంగముగ కోరెను. కోరుటయే కాక, తన శిష్యులకట్లే ఇచ్చి పంపియుండెను. ఇది మన ఆచార్యులును వినదగిన మాటయని, వారి యెదుటనే, కొంత జంకుతోనైనను, మనవి చేయుచున్నాను.

ఆస్ట్రోసైట్లను చంపునవి, కాపాడునవి యని రెండు తెగలుగ విభజించుట సరిపోదని, వాని స్థితులు పెక్కులని 2021లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కూడి ప్రకటించిరి. ఎలుకలలో దొరకిన జవాబు రోగికి ఔషధమై అందుటకు ఇంకను దూరమున్నది. నాడీవైద్యమున చేరబోవు మీలో కొందరికి వచ్చే నెలలోనే ఆ వార్డులో డ్యూటీ పడవచ్చును. ఇక చేయవలసినదేమని ఇంటివారు అదే ప్రశ్న అడుగుదురు.